మేడం చీటీల చెంబు

ముందుగా ఒక క్షమాపణ. ఇది చదివి మనసు నొచ్చుకోబోయే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా మా పరిశోధన కేంద్రంలో ఏసీ గదిలో కూర్చునే పెద్దవారికి, వారి కుర్చీకి, ఆ కుర్చీ మీద పరిచిన తెల్ల టవలుకు తల వంచి, చేతులు జోడించి, అవసరమైతే మదనపల్లె టమోటా మార్కెట్టు ముందు, లారీలు ఆగి చూస్తుండగా, నడిరోడ్డు మీద సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. పోయినవారిని తలుచుకునే చోట బతికున్నవారి మీద కక్ష తీర్చుకోవడం పద్ధతి కాదు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు ఎవరి మీదా కక్ష లేదు. చెప్పవలసిన మాట చెప్పేశాను కాబట్టి ఇక మొదలుపెడతాను.

మేడం పోయారు. పుంగనూరు బస్టాండులో టీ గ్లాసు చేతిలో ఉండగా వాళ్ల చెల్లెలు ఫోను చేసింది. "నాయనా, అక్క లేదు. కాఫీ తాగి, వాన పడతాదేమో సూడు అనింది. నేను మిద్దెక్కి సూసినా. మోడం బాగా పట్టుండాదని సెప్పేదానికి కిందికొస్తే, వినేదానికి మనిషి లేదు." ఎవరేమన్నా తిరిగి ఒక వెటకారం విసరకుండా ఉండలేని నోరు నాది. ఆ పూట అది టీ కూడా మింగలేదు.

మేడం ఎవరో తెలియనివారికి చెప్పాలి. మా కేంద్రంలోనే పనిచేస్తూ మాకు పైర్ల వంశాల పాఠం చెప్పిన టీచరు. పెళ్లి చేసుకోలేదు. పుంగనూరులో చెల్లెలితో ఉండేవారు. దేశంలో పేరున్నవాళ్లంతా గోధుమకూ వరికీ జన్యుపటాలు గీస్తుంటే ఈమె రాగికి గీయాలని కూర్చున్నారు. పటం అంటే ఏమిటో క్లాసులో మొదటి రోజే ఇలా చెప్పారు.

"బారసాలకొచ్చిన ముసలమ్మలు ఏం జేస్తారప్పా? ఉయ్యాల్లోకి వంగి సూసి, ముక్కు మేనమామది, చెవులు నాయనమ్మవి అంటారు. మనం చేసేదీ అదే. వాళ్లు సూసి చెప్తారు, మనం కొలిచి చెప్తాము. అంతే తేడా."

వెనక బెంచీ నుంచి నేను లేచి, "మరి బిడ్డ ఎవరి పోలికా లేకపోతే మేడం?" అన్నాను. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "అప్పుడు పక్క చేన్లో ఏ రాగి వేసినారో కనుక్కో" అన్నారు. ఆ రోజు నుంచి నేను ఆమె శిష్యుణ్ణి.

ఆమె రెండు రాగులకు పెళ్లి చేశారు. ఒకటి పెద్దతిప్పసముద్రం వైపు నాటు రాగి. నిలువెత్తు పెరుగుతుంది, కణుపులు వంకాయ రంగులో ఉంటాయి, సంగటి చేస్తే ఊరంతా వాసన. కానీ గాలి గట్టిగా వీస్తే చాప పరిచినట్టు పడిపోతుంది. రెండోది పొట్టి రాగి. పచ్చ కణుపులు, గట్టి కాడ, గాలికి చలించదు, సంగటి మాత్రం గోడకు కొడితే గోడ పెచ్చులు ఊడతాయి. పొట్టిదాన్ని తల్లిని చేసి, పూతకొచ్చిన రెండు కంకులనూ పక్కపక్కన చేర్చి దారంతో కట్టి, పైన కాగితం సంచి తొడిగారు. ఆ గింజలు మొలిచినప్పుడు కణుపులో వంకాయ రంగు కనిపిస్తే అది ఆ పెళ్లికి పుట్టిన బిడ్డ. పచ్చగా ఉంటే తల్లి ఒక్కతే కన్న బిడ్డ, పీకి పారేయాలి. అసలు బిడ్డల నుంచి తరం తరానికి ఒక్కొక్క గింజే ముందుకు తీసుకుపోతూ, ఏళ్లు పట్టి వందకు పైగా వంశాలు కట్టారు. ఏ వంశంలోకి నాయన నుంచి ఏ ముక్క వచ్చింది, తల్లి నుంచి ఏ ముక్క వచ్చింది, పడిపోకుండా నిలబెట్టే గుణం ఏ ముక్కలో కూర్చుని ఉంది అని వెతకడమే ఆమె పని. అది దొరికితే, నాటు రాగి రుచి ఉండి గాలికి పడని రాగిని మొలక దశలోనే ఏరుకోవచ్చు.

"పొట్టిదంటే లోకువ కాదప్పా, మన పుంగనూరు ఆవును సూడు" అనేవారు. ఆవును చూసినప్పుడల్లా నాకు ఆ పొట్టి రాగి సంగటి గుర్తొచ్చి పళ్లు నొచ్చేవి.

ఒక్క ఊరి మాట ఆమె నమ్మేవారు కాదు. అవే వంశాలను మూడు చోట్ల విత్తాలి. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో. నేల వేరు, వాన వేరు, గాలి వేరు. మూడు చోట్లా ఒకే మాట వినిపిస్తేనే అది గుణం, లేకపోతే అది వాతావరణం.

ఇక ఆ చెంబు. ఏ వంశం ఏ వరసలో విత్తాలో మేడం తన ఇష్టప్రకారం పెట్టేవారు కాదు. నంబర్లు రాసిన చీటీలు ఇత్తడి చెంబులో వేసి ఊపి, ఒక్కొక్కటే తీయించేవారు. మొదటి చీటీ మొదటి వరస, ఆ తర్వాతది ఆ పక్క వరస. దానికొక కట్టుబాటు ఉండేది. వంశాలు తెలిసిన చెయ్యి చెంబులోకి పోకూడదు. నాకు తెలుసు కాబట్టి నా చెయ్యి నిషిద్ధం, ఆమెది మరీ నిషిద్ధం. అందుకని దారిన పోయేవాళ్లను పిలిచేవారు. పుంగనూరులో పెరుగమ్మే ఆయమ్మ తీసేది. మదనపల్లెలో ఒకసారి కరెంటు మీటరు చూసేదానికి వచ్చినాయన చెంబు పట్టుకుని గంటల తరబడి తీశాడు, ఏదో బహుమతి వస్తుందనుకుని.

"ఎందుకు మేడం ఇంత తతంగం? మంచి నేలలో మంచి వంశం వేస్తే బాగా కనిపిస్తుంది కదా?" అన్నాను.

"బాగా కనిపించేదానికి పెళ్లిచూపులా ఇది? మనకిష్టమైనదాన్ని మనమే ముందు కూర్చోబెడితే ఇంగ కొలిచేదెందుకు, ఫొటో తీసుకుంటే సాలదా?"

కొలిచేటప్పుడు ఇంకా ఘోరం. కర్ర పట్టుకుని ప్రతి మొక్క దగ్గరా మోకాళ్ల మీద కూర్చోవాలి. ఎండ నెత్తిన పడుతున్నా 'సుమారు' అన్న మాట నోట రాకూడదు. "సుమారు అనే పైరు గది లోపల పెరగతాదప్పా, చేన్లో పెరగదు" అని మళ్లీ మొదటి మొక్క దగ్గరికి పంపేవారు.

ఆ వంశాలకు పొట్లాలు కట్టేటప్పుడే ఒక రోజు మేడం నా చేతికి ఒక సంచి ఇచ్చి, "దీంట్లోదే రెండు పొట్లాలు కట్టు. ఒకదాని మీద పదిహేడు అని రాయి, ఇంకోదాని మీద తొంభై నాలుగు" అన్నారు.

"ఒకటే వంశానికి రెండు నంబర్లా?"

"ఊఁ. ఎవరికీ సెప్పొద్దు."

"ఎందుకు మేడం?"

"పైరును కొలిచేదానికి కర్ర ఉండాది. కొలిచే మనిషిని కొలిచేదానికి ఏమన్నా ఉండొద్దా?"

ఆ వంశం కణుపులు నిండు వంకాయ రంగు. ఎత్తు మధ్యరకం. చూడగానే గుర్తుండిపోయే గొప్పతనం ఏమీ లేదు. అందుకే దాన్ని ఎంచుకున్నారు. ఆ కవలల సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఇప్పుడు గోధుమ సారు. దయచేసి లేచి నిలబడండి.

పుట్టింది మదనపల్లెలోనే. చదువు పేరుతో ఉత్తరాదికి పోయి గోధుమ మీద పని చేసి, మా కేంద్రానికి అధికారిగా తిరిగొచ్చారు. వస్తూ వస్తూ చపాతీ కర్రను కూడా తెచ్చుకున్నారని మేం చెప్పుకునేవాళ్లం. రాగి గురించి ఏం చెప్పినా "వీట్‌లో అయితే" అని మొదలుపెట్టేవారు. వాన రాకపోతే వీట్‌లో అయితే కాలువ నీళ్లు. పిట్టలు తింటే వీట్‌లో అయితే ముళ్లు ఉంటాయి. ఒక రోజు నేను ఆయన గది తలుపు మీద సుద్దముక్కతో 'గోధుమ నిలయం' అని రాశాను. ఎవరు రాశారని ఆయన ఎవరినీ అడగలేదు. నేరుగా నాకు మెమో ఇచ్చారు. అప్పటికి నేను చదువు ముగించి అదే కేంద్రంలో కాంట్రాక్టు మీద చేరి ఉన్నాను. కాబట్టి నా జాతకం ఆయన సంతకంలో ఉంది.

మదనపల్లె, పుంగనూరు కొలతలు మేడం, నేను తీసుకున్నాం. కుప్పం తన బాధ్యత అన్నారు సారు. కూలీలు విత్తి వచ్చారు. పైరు పెరిగింది. పంట కోతకొచ్చే కాలానికి కుప్పం కొలతలు టైపు చేసి చక్కగా మేడం బల్ల మీదికి వచ్చాయి. మా కాగితాల మీద చెమట, ఎర్రమట్టి, ఒకచోట నలిగిన గొంగళిపురుగు కూడా ఉండేవి. సారు కాగితాలు కొత్త పెళ్లికొడుకు పంచెలా ఉన్నాయి.

మేడం కళ్లద్దాలు సర్దుకుని రెండే నంబర్లు చూశారు. పదిహేడు: ఛాతీ ఎత్తు, వంకాయ రంగు. తొంభై నాలుగు: మోకాలి ఎత్తు, పచ్చ.

"ఎత్తంటే నేలను బట్టి అటూఇటూ అవతాది" అన్నారు నాతో, చాలా మెల్లగా. "రంగు యాల మారతాదప్పా? కుప్పం బస్సెక్కితే వంకాయ పచ్చనైపోతాదా?"

లేచి సారు గదికి పోయారు. నేను విత్తనాల ట్రేలు మోసుకుంటూ వెనకాలే పోయి, దించడానికి అనువైన చోటు తలుపు దగ్గర తప్ప మరెక్కడా లేదని నిర్ణయించుకున్నాను.

"సార్, కుప్పంలో ఎవరు కొలిచినారు?"

"నేనే మేడం. పర్సనల్‌గా."

"వరసల మధ్య నడిచినారా?"

"నడవకుండా ఎలా కొలుస్తారండీ?"

"అదే నేనూ అడగతాండేది."

సారు టవలు సర్దుకున్నారు. "చూడండి మేడం, వీట్‌లో అయితే మూడో చోటు సరిగ్గా కుదరకపోయినా మిగతా రెండింటి సగటు చూసి సర్దుకుంటారు. మీరు మరీ పట్టింపు."

"ఆ మాట పైరుకు సెప్పండి సార్. సగటుగా పెరగతాదేమో."

కుప్పం కొలతలు తీసేయండి, లేదా వచ్చే పంట కారుకు మళ్లీ విత్తి కొలవండి, అప్పటిదాకా పటం అచ్చుకు పంపొద్దు అని మేడం అడిగారు. పంపక తప్పదన్నారు సారు. "అయితే నా పేరు తీసేయండి" అన్నారు మేడం. ఆ మాట పూర్తయ్యేలోగా సారు చెయ్యి పెన్ను మీదికి పోవడం నేను చూశాను. అంత చురుకుదనం కుప్పం బస్సు ఎక్కడంలో చూపించి ఉంటే ఈ స్మృతి రాసే అవసరం ఉండేది కాదు.

పటం వెలువడింది. మీద సారు పేరు. కింద, కృతజ్ఞతల చివర, పొలంలో సాయపడిన సిబ్బందికి అని ఒక ముక్క. ఏళ్ల తరబడి ఒక్కొక్క గింజ చేత్తో ముందుకు తెచ్చిన మనిషి ఆ 'సిబ్బంది'లో ఎక్కడో ఉన్నారు.

కవలల సంగతి అప్పుడే బయటపెట్టమని నేను ఎగిరాను. మేడం వినలేదు. "నేను సెప్తే కడుపుమంట అంటారు. పైరు సెప్తే ఎవురేమంటారు? మళ్లా ఎప్పుడో విత్తుతారు కదప్పా. అంతదాకా ఉండనీ." సారు మళ్లీ విత్తలేదు. ఎందుకు విత్తుతారు? మేడం రిటైరయ్యారు.

అంతటితో పోయి ఉంటే నేను కూడా మరిచిపోయేవాణ్ణేమో. ఆ పటం చూసి ఏరిన కొత్త రాగి, గాలికి పడదన్న పేరుతో, వెంకటగిరికోట వైపు రైతులకు పోయింది. వాళ్లకు సారు ఎవరో తెలియదు. రాగి అంటే మేడం. కాబట్టి అది మేడం రాగి అయింది. కంకులు బరువెక్కాక ఒక సాయంత్రం గాలి వీచింది. మరుసటి పొద్దున నేను మేడం ఇంట్లోనే ఉన్నాను, మిద్దె మీద విత్తనం ఆరబోస్తున్నాం. ఫోను మోగింది. స్పీకరు పెట్టకుండానే నాకు వినిపించింది.

"ఏమ్మా, మీ రాగి పండుకోనుండాదే! నిలబడతాదంటిరి కదా? కొడవలి ఎత్తుకోని పోయేదానికి బదులు దిండు ఎత్తుకోని పోమంటారా మడికి?"

అది నాది కాదు అని ఒక్క మాట అంటే చాలు. మేడం అనలేదు. "తప్పైపోయిందప్పా. ఇంగొక మంచిది ఇస్తాను" అన్నారు. అవతల అతను ఇంకా ఏవో అన్నాడు. అన్నీ విన్నారు. ఫోను పెట్టేసి మళ్లీ గింజలు కదపడం మొదలుపెట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీకు కోపం రాదా మేడం?"

"వస్తాది."

"ఏం చేస్తారు దాన్ని?"

అరచేతిలోకి కొన్ని గింజలు తీసుకుని పంటి కింద ఒకటి కొరికి చూశారు, తేమ ఉందో లేదోనని. "దీని మాదిరే పెట్టుకుంటా. తడి మీద దాస్తే బూజు పట్టి మనకే కంపు కొడతాది. బాగా ఎండబెట్టి దాసిపెడితే ఎన్నేండ్లైనా మొలకెత్తతాది."

పాఠకులు ఈ వాక్యాన్ని గుర్తు పెట్టుకోవాలని వినయంగా కోరుతున్నాను. మా కేంద్రం గోడ మీద రాయించాలని నాకు కోరిక. సుద్దముక్క నా దగ్గర ఉంది.

ఆమె కర్మల రోజున గోధుమ సారు కారులో వచ్చారు. దండ వేశారు. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడారు. రాగికి తల్లి అన్నారు, తనకు అక్క అన్నారు. మేడం చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి, కొంగు నోట్లో పెట్టుకుని వింటోంది. ఏడుస్తోందనుకున్నారు అందరూ. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, తిడుతోంది.

భోజనాలయ్యాక సారు అసలు సంగతి తీశారు. పటం గీసిన వంశాలను పొలంలో నిలబెట్టి చూపించమని బయటి నుంచి పెద్ద బృందం వస్తోందట. కుప్పంలోనే చూస్తారట. మా కేంద్రం శీతల గది వేసవిలో చెడిపోయి, అక్కడి పొట్లాలు ఒక్కటీ మొలవలేదు. "మేడం దగ్గర ఒక సెట్టు ఉండాలి కదమ్మా. ఇస్తే, ఆమె పేరు నిలబెట్టినట్టు ఉంటుంది."

చెల్లెలు నన్ను వంటింట్లోకి లాగింది. "అక్క విత్తనం కాకులకన్నా ఏస్తాను గానీ వానికి ఇయ్యను నాయనా. నువ్వేమంటావు?"

నేనేమంటాను? అప్పటికే నా బుర్రలో మంగళవాద్యాలు మోగుతున్నాయి. గింజలన్నీ బాణలిలో వేయించి ఇస్తే? దోరగా, వాసన వచ్చేలా. లేదా రాగిని పోలిన కలుపు గడ్డి విత్తనం కట్టి ఇస్తే? బృందం వచ్చేసరికి సారు గడ్డి మధ్య నిలబడి వీట్‌లో అయితే అంటుంటారు. లేదా నిజంగానే గోధుమ కట్టి ఇస్తే! ఆ చివరి ఆలోచనకు నాకే కళ్లు చెమర్చాయి.

విత్తనాల డ్రమ్ము మూత తీశాను. ఎండు వేపాకు వాసన. పొట్లాలన్నీ నంబర్ల వరసలో, మేడం ఎలా సర్దారో అలాగే. వేళ్లతో తిరగేస్తూ పోతే పదిహేడు తగిలింది. తర్వాత తొంభై నాలుగు. రెండింటి మీదా నా చేతిరాతే.

కర్మల ఇంట్లో నవ్వకూడదు. నేను డ్రమ్ములో తల పెట్టి నవ్వాను.

"ఇచ్చేద్దామమ్మా. అన్నీ. ఒక్క గింజ తక్కువ లేకుండా."

"నీకేమన్నా పిచ్చి పట్టుండాదా?"

చెవిలో చెప్పాను. ఆయమ్మ ముఖం కడుక్కుంది, బొట్టు దిద్దుకుంది, డ్రమ్మును తనే దొర్లించుకుంటూ సారు కాళ్ల దగ్గరికి తెచ్చింది. "తీసుకోండి సారూ. మీ చేతుల మీదుగా మొలిస్తే అక్క ఆత్మ సల్లగుంటాది."

సారు అమాయకుడు కాదు. నా వైపు తిరిగారు. "నువ్వేమీ చెయ్యి పెట్టలేదు కదా? మేడం ఫొటో మీద ప్రమాణం చెయ్."

అప్పుడు ఆయన నోట మదనపల్లె బయటపడింది. "కోతి యేషాలు ఏసినావంటే సూడు, నీ కాంట్రాక్టు ఆ పూటే సరి!"

ఫొటో ముందు దీపం వెలుగుతోంది. మేడం కళ్లద్దాల్లోంచి చూస్తున్నారు. నా జీవితంలో మొదటిసారి అంత నిజాయితీగా చెయ్యి చాచాను. "ఒక్క గింజ మార్చలేదు సార్. ఒక్క నంబరు మార్చలేదు. మార్చను కూడా."

ఏ మోసమూ చేయకపోవడంలో ఇంత కక్ష ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

సారుకు కుప్పం ఎండ పడదు కాబట్టి విత్తే పని నాకే పడింది. మేడం ఇంటి నుంచి చెంబు తీసుకుపోయాను. కుప్పంలో మా పొలం పక్కన టీ కొట్టు పెట్టుకున్న ఆయమ్మ చేత చీటీలు తీయించాను. కూలీలతో కలిసి నేనే సాళ్లు తీశాను. ఎలుకలు, పిట్టలు, పక్క ఊరి మేకలు, అన్నింటికీ కాపలా ఉన్నాను. మేడం బతికుండగా నేను ఇంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. భక్తికి ఓపిక కావాలి, పగకు అక్కరలేదు.

బృందం వచ్చే రోజుకు కంకులు తిరిగాయి. పెద్ద టోపీ పెట్టుకుని గోధుమ సారు ముందు నడిచారు. వెనక బృందంలో పెద్దావిడ, నెరిసిన జుట్టు, చేతిలో సారు అచ్చువేసిన పటం, కొలతల పట్టికలు. ఆ వెనక రైతులు. వెంకటగిరికోట నుంచి ఆ ఫోను చేసిన రైతును కూడా నేనే పిలిచాను. రాగి చూసి పోదువు రాప్పా అంటే, పడుకునుండాదా నిలబడుండాదా అని అడిగి మరీ వచ్చాడు.

పొలం మధ్యలో నడిచే బాట. కొంత దూరం పోయాక పెద్దావిడ ఆగింది. ఎడమ పక్క వరస ముందు వంగి కణుపు తిప్పి చూసింది. పుల్లకు కట్టిన నంబరు చదివింది. కుడి పక్కకు తిరిగింది. మళ్లీ వంగింది. చేతిలో పట్టిక తిప్పింది.

"పదిహేడు, తొంభై నాలుగు. కుప్పంలో తొంభై నాలుగు మోకాలి ఎత్తు, పచ్చ కణుపు అని రాశారే?"

సారు చూశారు. రెండు పక్కలా వంకాయ రంగు కణుపులు. రెండూ ఆయన నడుమెత్తు.

"ఇది... విత్తనం కల్తీ అయినట్టుంది. ఈ అబ్బాయి ముందు నుంచీ..."

నా పేరు చూసి నన్ను నమ్మే మనిషి ఆ జిల్లాలో లేడు. పెద్దావిడ మాత్రం నన్ను చూడనేలేదు. పట్టికే చూస్తోంది.

"మదనపల్లెలో రెండూ ఒకే ఎత్తు. పుంగనూరులోనూ అంతే. రెండుచోట్లా వంకాయ రంగే. జన్యు గుర్తులు కూడా రెండింటికీ తూచినట్టు ఒకటే. ఇవి ఒకే వంశం. మీరు అచ్చువేసిన కాగితమే చెబుతోంది. తేడా ఉన్నది మీ కుప్పం కొలతల్లో ఒక్కచోటే." కాగితం మడిచింది. "ఇలా కవలను పెట్టేవాళ్లు జాగ్రత్తపరులు. ఈ వంశాలు కట్టింది ఎవరు?"

సారు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు. వీట్‌లో అయితే ఏం చేస్తారో ఆయనకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"మేడం" అన్నాను. ఆమె పూర్తి పేరు కూడా చెప్పాను. పెద్దావిడ దాన్ని పటం మీద, సారు పేరుకు పైన, పెన్నుతో రాసుకుంది. కుప్పం కొలతలు కొట్టేసి ఈ పైరునే మళ్లీ కొలవాలని, అంతవరకు ఆ పటాన్ని ఎవరూ వాడకూడదని చెప్పింది. సారు ఆ మాటలన్నీ టోపీ నీడలోంచి విన్నారు. ఆ ముఖాన్ని నేను మనసులో బాగా ఎండబెట్టి దాచుకున్నాను. ఎన్నేండ్లైనా మొలకెత్తుతుంది.

వెంకటగిరికోట రైతు నా భుజం పట్టుకున్నాడు. "అంటే ఆ పడిపోయిన రాగి... ఆయమ్మ తప్పు కాదా?"

"కాదప్పా."

"మరి తప్పైందని యాల సెప్పింది నాతో? నేను నోటికొచ్చినట్టు తిడితిని కదప్పా ఆయమ్మను." వరసల వైపు చూస్తూ నిలబడిపోయాడు. "ఆయమ్మ ఇంటికి దోవ సెప్పు. సెల్లెలుండాదంటివి కదా."

నా కాంట్రాక్టు కాగితం ఇప్పుడు సారు బల్ల మీదే ఉంది. సంతకానికి పెన్ను దొరకడం లేదట.

ఇంతవరకూ చెప్పినదాంట్లో నా తప్పు ఏమీ లేదు. గింజ మార్చలేదు, నంబరు మార్చలేదు, ప్రమాణం తప్పలేదు. చేసింది ఒక్కటి ఉంది. టీ కొట్టు ఆయమ్మ చెంబు ఊపే ముందు, కుదురుగా ఉన్నాయో లేదో చూస్తానని చెప్పి నేను చెయ్యి లోపల పెట్టాను. వంశాలు తెలిసిన చెయ్యి. పిడికిలి మూసి బయటికి తీశాను.

"ఏందప్పా అది చేతిలో?" అంది ఆయమ్మ.

"ఏం లేదమ్మా. నువ్వు తియ్."

పదిహేడునూ తొంభై నాలుగునూ బాటకు ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి నేనే వేశాను. మేడం ఉండి ఉంటే రెండు వరసలూ పీకించి, చీటీ ఎక్కడ పడితే అక్కడ మళ్లీ నాటించేవారు. నాతో మాట్లాడేవారు కూడా కాదు. ఆ సాయంత్రం అందరూ పోయాక బాట మీద నిలబడ్డాను. జేబులో రెండు చీటీలు, చెమటకు మెత్తబడి. కర్ణాటక వైపు నుంచి గాలి లేచింది. ఎడమ వరస వంగింది, కుడి వరస వంగింది, రెండూ ఒకే ఎత్తుకు లేచి నిలబడ్డాయి.